నల్ల టేపు కింద ఎర్ర లైటు

నవంబరు 10, ఆదివారం

ఉదయం 7.10. కొత్త నోటుబుక్కు, కొత్త పెన్ను. మనిషిని కూడా కొత్తగానే ఉన్నాను.

తీర్మానం: నా కారు పని ఇకనుంచి నేనే చేసుకుంటాను. మొదటి పని, ఆల్టర్నేటరు మార్చడం.

కారు మెరూన్ రంగుది, 1989 మోడల్. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఇరవై రెండేళ్ల కిందట అత్తిలి రైసుమిల్లు వారి దగ్గర కొన్నాను. అప్పటినుంచీ దీని వైరింగు చూస్తున్నది ఒక్కరే, మా పక్కవీధిలో ఆటో ఎలక్ట్రికల్ షాపు నడిపే అబ్దుల్ జబ్బార్ గారు. నిన్న ఆయన శుభలేఖ తెచ్చారు. 24న పెద్దమ్మాయి జాస్మిన్ నిఖా. పెళ్లికొడుకుది తాడేపల్లిగూడెం.

"అమ్మాయి మీ కారులోనే అత్తారింటికి వెళ్తానంటోందండీ మాస్టారూ. ఇంటర్ చదివేటప్పుడే మీతో చెప్పిందటండీ."

చెప్పింది, నిజమే. నా ఫిజిక్సు క్లాసులో ముందు బెంచీ. నేను మాట కూడా ఇచ్చాను.

ఆయన వెళ్లాక కారు స్టార్ట్ చేస్తే డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు ఆరలేదు. మీటరు పెట్టి చూశాను. పద్నాలుగు వోల్టులు ఉండాల్సింది పదకొండున్నర ఉంది. అంటే ఆల్టర్నేటరు బ్యాటరీకి కరెంటు పోయడం మానేసింది. బ్యాటరీలో ఉన్నది అయిపోయేదాకా కారు నడుస్తుంది, తరవాత ఎక్కడుంటే అక్కడే.

జబ్బార్ గారికి చెబితే అన్నీ వదిలేసి వచ్చేస్తారు. ఆడపిల్ల పెళ్లి పెట్టుకున్న మనిషిని కారు కిందకి దూర్చడం మర్యాద కాదు. కాబట్టి ఆయనకి తెలియకూడదు. అదీగాక ఆల్టర్నేటరంటే ఏమిటి, సీనియర్ ఇంటర్లో ఒక చాప్టరు. ముప్పై ఏళ్లు చెప్పాను.

మా ఆవిడ లక్ష్మీకాంతానికి బోర్డు మీద గీసినట్టు వివరించాను. "చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా" అని పప్పు రుబ్బుకోవడానికి వెళ్లిపోయింది.

కావలసినవి:
1. స్పానర్లు (ఉన్నాయి)
2. కొత్త ఆల్టర్నేటరు (వెతకాలి)
3. ధైర్యం (బోలెడు)

నవంబరు 11, సోమవారం

సాయంత్రం 5.00. కాలేజీ నుంచి రాగానే బానెట్ ఎత్తాను. ఆల్టర్నేటరుని పట్టుకుని ఉన్నవి రెండే బోల్టులు. పైది వచ్చేసింది. నాకు నేనే భుజం తట్టుకున్నాను.

6.15. కిందిది రాలేదు.

6.40. కిరోసిన్ పోశాను. రాలేదు. కొబ్బరినూనె పోశాను. రాలేదు.

కార్తీక సోమవారం. ఉపవాసం మా ఆవిడది, నీరసం నాది. చుక్క కనబడ్డాక భోజనాల దగ్గర, "ఆరంభశూరత్వం అంటారు చూడండి" అంది. నాకు వినబడలేదు.

నవంబరు 12, మంగళవారం

ఫోనులో వీడియో చూశాను. ఒకాయన పాట పాడుకుంటూ పదకొండు నిమిషాల్లో ఆల్టర్నేటరు ఊడదీసి చేతిలో పెట్టుకున్నాడు. నేను ఒక బోల్టు దగ్గరే రెండో రోజులో ఉన్నాను. ఆయన బోల్టుకి గోదావరి గాలి తగిలినట్టు లేదు.

సాయంత్రం 5.30. బానెట్‌లో నడుందాకా ఉండగా వెనకనుంచి "మాస్టారూ" అని వినబడింది. జబ్బార్ గారు. బానెట్ ఢామ్మని మూశాను.

"దుమ్ము దులుపుతున్నానండీ."

ఆయన నా చేతులకేసి చూశారు. మోచేతులదాకా గ్రీజు.

"మంచిదండీ. కారులో ఏదైనా ఉంటే చెప్పండి, మొహమాటపడకండి."

"అబ్బే, ఏమీ లేదండీ. మీరు పెళ్లి పనులు చూసుకోండి."

ఇంకో రెండు నిమిషాలు అలాగే నిలబడ్డారు. ఏదో అడగాలనుకుని మానేసినట్టు "ఉంటానండీ" అని వెళ్లిపోయారు. పాపం, పెళ్లి బెంగ.

నవంబరు 14, గురువారం

బోల్టు తిరిగింది. నాలుగు రోజుల పోరాటం.

ఆ ఆనందంలో ఒక చిన్న విషయం మరిచిపోయాను. బ్యాటరీ నెగటివ్ వైరు ముందు తీయాలి. తీయలేదు. స్పానరు ఒక కొస ఆల్టర్నేటరు వైరుకీ, ఇంకో కొస ఇంజను బాడీకీ తగిలింది. మెరుపు. కమురు వాసన. కుడి కనుబొమ సగం లేదు.

"ప్రయోగానికి ముందు సప్లై ఆపాలి" అని ముప్పై ఏళ్లుగా పిల్లల చేత రాయించినవాణ్ణి నేనే. ఈ సంగతి స్టాఫ్ రూముదాకా వెళ్లకూడదు. కనుబొమ గురించి అడిగితే దీపావళి అని చెబుతాను. దీపావళి అయి రెండు వారాలు కావస్తోంది, అయినా అదే చెబుతాను.

ఆల్టర్నేటరు మాత్రం బయటికొచ్చింది. తెచ్చి డైనింగ్ టేబులు మీద పెట్టాను, చూసుకోవడానికి. మా ఆవిడ అన్నం గిన్నె పట్టుకుని వచ్చి, దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, గిన్నె వెనక్కి తీసుకెళ్లిపోయింది.

నవంబరు 16, శనివారం

ఈ మోడల్‌కి కొత్త ఆల్టర్నేటరు ఏలూరులో లేదు, ఎక్కడా లేదు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని.

మా బావమరిది బుల్లిరాజుకి ఫోన్ చేశాను. మండవల్లిలో చేపల చెరువులు. అతని దగ్గర లేని వస్తువు ఉండదు, ఉన్న వస్తువు పనిచేయదు.

మధ్యాహ్నం 2.00. బుల్లిరాజు వచ్చాడు. ఒక చేతిలో ఆల్టర్నేటరు, ఇంకో చేతిలో రెండు బొచ్చె చేపలు.

"బావగారూ, ఇది మా పాత చేపల బండిదండీ. బండి పోయింది గానీ ఇది దివ్యంగా ఉందండీ. మీ దానికి అతికినట్టు సరిపోద్ది, చూస్కోండి."

"కార్తీక మాసంలో చేపలేంట్రా" అని తమ్ముణ్ణి కసిరింది మా ఆవిడ.

"మర్చిపోయానే. పెళ్లివారింటికి పంపించెయ్. చుట్టాలు దిగి ఉంటారు."

అలాగే సంచిలో వేసుకుని మా ఆవిడ జబ్బార్ గారింటికి బయలుదేరింది. సంచి ఒకవైపుకి బాగా ఒరిగిపోయింది. రెండు చేపలు ఇంత బరువా అనుకున్నాను.

4.00. బుల్లిరాజు చెప్పిన "అతికినట్టు" అనే మాటకి అర్థం: బోల్టు రంధ్రం అరంగుళం పక్కకి ఉండుట.

నవంబరు 17, ఆదివారం

ఆకురాయితో రంధ్రం పెద్దది చేశాను. నాలుగు వాషర్లు, ఒక చెక్కముక్క. బిగిసింది. చేపల వాసన వస్తోంది, అది పనికి అడ్డం కాదు.

11.20. స్టార్ట్ చేశాను. లైటు ఆరింది. ఆరింది! మా ఆవిణ్ణి పిలిచాను.

11.21. ఆవిడ వచ్చేసరికి వెలిగింది.

11.25. ఆల్టర్నేటరు వంకరగా కూర్చుంది కాబట్టి బెల్టు అరవడం మొదలెట్టింది. పక్కవీధిదాకా వినబడే అరుపు. ఆ పక్కవీధిలో జబ్బార్ గారి షాపు ఉందన్న సంగతి తరవాత గుర్తొచ్చి గబుక్కున ఇంజను ఆపేశాను. ఆయన విని ఉండరు. పెళ్లింట్లో బోలెడు గోల ఉంటుంది.

నవంబరు 19, మంగళవారం

తీర్మానానికి చిన్న సవరణ: నా కారు పని నేనే చేసుకుంటాను, లేదా జబ్బార్ గారు కాని వాళ్లెవరి చేతైనా చేయించుకుంటాను. స్ఫూర్తి అదే.

కాలేజీకి సెలవు పెట్టాను, జ్వరమని. రాత్రంతా చార్జరు పెట్టిన బ్యాటరీతో, హారన్ కూడా కొట్టకుండా తాడేపల్లిగూడెం వెళ్లాను. అంత దూరమైతే మనల్ని ఎరిగినవాళ్లుండరు. రైల్వేస్టేషను దగ్గర ఒక ఆటో ఎలక్ట్రికల్ షాపు. ముప్పై ఏళ్లు ఉంటాయేమో అతనికి, ఎంతో నెమ్మదస్తుడు. కుర్చీ వేశాడు, మంచినీళ్లిచ్చాడు.

"తమరి పేరండీ?"

"సత్తిబాబండి" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. "కారు మా బావమరిదిదండీ."

బానెట్ ఎత్తాడు. వంగి చెక్కముక్కని వేలితో తట్టి చూశాడు.

"ఇది చేపల బండిది కదండీ?"

"అలాగా అండీ?"

"చెక్కముక్క పెట్టింది ఎవరండీ?"

"ఎవరో మెకానిక్కండీ. ఏలూరులో."

"ఏలూరులో జబ్బార్ గారని మంచి పనివాళ్లున్నారు కదండీ. ఆయన్ని అడగలేకపోయారాండీ?"

"ఆయన కూతురి పెళ్లి హడావుడిలో ఉన్నారండీ."

"అవునండీ" అన్నాడు.

"మీకు తెలుసా?"

"కొద్దిగా తెలుసండీ." నవ్వు ఆపుకుంటున్నట్టు అనిపించింది. వాళ్ల ఊరి తీరేమో. "దీన్ని ఏం చేయలేమండీ. మీ కారుతో వచ్చిన పాతది పట్రండి, కాయిలు చుట్టి అరగంటలో పెట్టేస్తాను."

సాయంత్రం ఇంటికొచ్చి పాతది ఏదని మా ఆవిణ్ణి అడిగాను.

"పాత సామాన్ల వాడికి వేసేశానండీ" అంది, నాకేసి చూడకుండా.



నవంబరు 21, గురువారం

ప్రశాంతంగా ఆలోచించాను. అసలు ఆల్టర్నేటరు ఎందుకు?

ఏలూరు నుంచి గూడెం యాభై కిలోమీటర్లు. పగటి ప్రయాణం, లైట్లు అక్కర్లేదు. నిండుగా చార్జి చేసిన బ్యాటరీ చాలు. మొన్న వెళ్లి రాలేదూ? ఇది రాజీ కాదు, లెక్క.

బెల్టుకి సబ్బు రాశాక అరుపు కూడా తగ్గింది. మిగిలిన ఒకే ఒక్క సమస్య ఎర్ర లైటు. పెళ్లికూతురు చూస్తే కంగారు పడుతుంది. దాని మీద నల్ల టేపు ముక్క అంటించాను. సమస్య కనబడటం లేదు.

నవంబరు 22, శుక్రవారం

మధ్యాహ్నం 2.30. నమాజు నుంచి అటే వచ్చారు జబ్బార్ గారు.

"మాస్టారూ, కారు ఒక్క గంట షాపుకి తెస్తారాండీ? కడిగించి, కాస్త మెరుగు పెట్టిస్తాను."

"నేనే కడిగేశానండీ."

"పోనీ హారన్‌దీ వైపర్‌దీ ఓసారి చూస్తానండీ."

"అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయండీ. ఈ రెండు రోజులైనా మీరు పని ముట్టుకోకండి."

బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. మనిషి చిక్కిపోయారు. నాకు జాలేసింది. ఇలాంటివాణ్ణి ఇబ్బంది పెట్టలేదు కదా, కనీసం ఆ తృప్తి మిగిలింది అనుకున్నాను.

నవంబరు 24, ఆదివారం

(ఇది 25వ తేదీ ఉదయం కూర్చుని రాస్తున్నాను.)

9.00. కారుకి బంతిపూల దండలు. బ్యాటరీ నిండుగా ఉంది. "పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్తున్నారు" అంది మా ఆవిడ.

12.40. నిఖా అయింది. పెళ్లికొడుకు మొహం మీది పూల తెర పక్కకి తీశాడు. గూడెం షాపులో కుర్చీ వేసిన నెమ్మదస్తుడు. పేరు అక్రమ్. శుభలేఖలో ఉంది, నేనే చదవలేదు.

నేను బిర్యానీ పళ్లెంలోకి తల దించుకున్నాను. అతనే దగ్గరకొచ్చాడు.

"నమస్తే అండీ సత్తిబాబు గారూ. బావమరిది గారి కారు కులాసానాండీ?"

3.40. అమ్మాయిని పంపించే వేళ. వెనక సీట్లో జాస్మిన్, అక్రమ్. ముందు సీట్లో జాస్మిన్ పిన్ని ఫిర్దౌస్ గారు. డిక్కీలో మిఠాయి బుట్టలు జబ్బార్ గారే దగ్గరుండి సర్దారు. "నేనూ వ్యానులో వెనకాలే వస్తానండీ" అన్నారు. తండ్రి మనసు అనుకున్నాను.

బయలుదేరే ముందు ఫిర్దౌస్ గారి తమ్ముడెవరో బానెట్ చుట్టూ సీరియల్ లైట్లు కట్టి, వైరు బ్యాటరీకి తగిలించాడు. "పగలు లైట్లెందుకండీ" అన్నాను. "కళగా ఉంటదండీ" అన్నారావిడ. ఫిజిక్సులో కళకి సూత్రం లేదు. ఊరుకున్నాను.

4.20. భీమడోలు దాటాం. ఎద్దులబండి అడ్డమొస్తే హారన్ కొట్టాను.

"మాస్టారూ" అంది జాస్మిన్ వెనకనుంచి. "హారన్ గొంతు మారిందండీ. వోల్టేజి పడిపోతోంది."

"ఎదురుగాలమ్మా."

"లైటు వెలగట్లేదాండీ?"

"ఏ లైటూ లేదమ్మా" అన్నాను. టేపు మీదికి చూడకుండా అన్నాను.

4.45. కైకరం దాటాక సర్వీసు రోడ్డు పక్కన ఆగిపోయింది. రోడ్డంతా ఎండబోసిన ధాన్యం. సీరియల్ లైట్లు ఇంకో పది సెకన్లు మిణుకుమిణుకుమని అవీ పోయాయి. ఎవరూ ఏమీ అనలేదు. మా జిల్లాలో అన్నిటికన్నా భయంకరమైన శబ్దం అదే.

వెనక వ్యాను ఆగింది. తెల్ల బట్టల్లో జబ్బార్ గారు దిగారు. ఏమైందని అడగలేదు. నేరుగా డిక్కీ దగ్గరికి వెళ్లి, మిఠాయి బుట్టలు పక్కకి జరిపి, కింద తువ్వాలులో చుట్టి ఉన్నదాన్ని బయటికి తీశారు.

నా పాత ఆల్టర్నేటరు. కొత్త కాయిలు, కొత్త బేరింగు, వెండిరంగు పెయింటు. కొద్దిగా చేపల వాసన కూడా. పాత సామాన్ల వాడు ఎవరో, సంచి ఎందుకు ఒరిగిందో అప్పుడు తెలిసింది.

"మీ దగ్గర ఎప్పట్నుంచి ఉందండీ?" అన్నాను.

"కిందటి వారం శనివారం చేపలతోపాటు అమ్మగారు తెచ్చిచ్చారండీ. మర్నాటికే అయిపోయింది. మీరు అడుగుతారని చూస్తున్నాను."

"తెలిసినప్పుడు మీరే చెప్పొచ్చు కదండీ."

"మీరు దాస్తున్నారు కదండీ. నాకు తెలుసంటే మీరు చిన్నబుచ్చుకుంటారని."

"మీ పెళ్లి పనుల్లో ఇబ్బంది పెట్టకూడదని..."

జబ్బార్ గారు చేతులు మడుచుకున్నారు. "పనులేమున్నాయండీ నాకు? పందిరి వేసినవాళ్లు వేరే. వంటవాళ్లు వేరే. నన్ను కుర్చీలో కూర్చోమన్నారు, పదిహేను రోజులు కూర్చున్నాను. నాకు వచ్చింది ఈ ఒక్క పనేనండీ. పిల్ల వెళ్లే బండి నా చేత్తో నేను సర్ది పంపించాలనుకున్నాను. అది కూడా మీరే చేసేస్తుంటే ఇంక నేనేం చేస్తానండీ."

కోపంగా అనలేదు. అని ఉంటే బాగుండేది. నాకు ఏడుపొచ్చింది, ధాన్యం దుమ్మని కళ్లు తుడుచుకున్నాను.

అక్రమ్ షేర్వాణీ విప్పి నా చేతికిచ్చాడు. జాస్మిన్ కూడా దిగింది.

"నాన్నా, ముందు నెగటివ్ తియ్యండి" అంది. నాకేసి తిరిగి, "మాస్టారు క్లాసులో చెప్పిందేనండీ, ముందు సప్లై ఆపాలి" అంది. నేను లేని కనుబొమ తడుముకున్నాను.

చెక్కముక్క బయటికి తీసి జబ్బార్ గారు ఒకసారి చూసి జేబులో వేసుకున్నారు. మామా అల్లుళ్లు ఇరవై నిమిషాల్లో బిగించేశారు. అంతసేపూ నేను షేర్వాణీ మోశాను. వ్యాను బ్యాటరీకి వైరు తగిలించగానే ఇంజను అందుకుంది. జాస్మిన్ లోపలికి వంగి నల్ల టేపు పీకేసింది. దాని కింద లైటు ఆరి ఉంది.

జబ్బార్ గారు మసి చేతులు బట్టలకి తగలకుండా దూరంగా పట్టుకుని నిలబడ్డారు. పిల్ల ఆ చేతులే పట్టుకుంది. గోరింటాకు మీద గ్రీజు అంటింది. ఇద్దరూ తుడుచుకోలేదు.

"ఇంక వెళ్లండమ్మా. బండికి ఢోకా లేదు" అన్నారాయన. గూడెందాకా రాలేదు. వ్యాను అక్కడే వెనక్కి తిప్పించుకున్నారు.

నవంబరు 25, సోమవారం

మా ఆవిణ్ణి నిలదీశాను. "అందరికీ తెలిసి నా ఒక్కడికే తెలియకుండా చేశారన్నమాట."

"మీరు అడగలేదు కదండీ" అంది. మళ్లీ సోమవారం, మళ్లీ ఉపవాసం, వాదించే ఓపిక లేదు.

తీర్మానం రద్దు. స్పానర్లు అటక మీద పెట్టించాను.

నవంబరు 27, బుధవారం

షాపు మీదుగా నడిచి వెళ్లాను. జబ్బార్ గారు ఒక్కరే ఉన్నారు. పెళ్లి ఉందని చేతిలో ఉన్న పనులన్నీ వేరే షాపులకి ఇచ్చేశారట, కొత్తవి ఇంకా ఏమీ రాలేదు. జాస్మిన్ కూర్చుని చదువుకున్న స్టూలు మీద పాత రేడియో పెట్టి ఉంది.

"కారు ఎలా ఉందండీ?" అన్నారు.

"బ్రహ్మాండంగా ఉందండీ."

"ఉంటుందండీ" అన్నారు, ఆ స్టూలుకేసి చూస్తూ. ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు. ఇంటికొచ్చాక కూడా చెవిలోనే ఉంది.

నవంబరు 28, గురువారం

ఉదయం 6.30. అటక మీంచి స్పానర్లు దింపాను. ముందు నెగటివ్ తీశాను. ఆల్టర్నేటరు వెనక వైరు నట్టు మూడు చుట్లు లూజు చేశాను. నెగటివ్ మళ్లీ పెట్టాను. స్టార్ట్ చేస్తే ఎర్ర లైటు వెలిగింది. మెరుపు లేదు, వాసన లేదు, కనుబొమ భద్రం. ఈ కారు మీద నా చేత్తో నేను సవ్యంగా పూర్తి చేసిన మొదటి పని ఇది.

9.15. కారు షాపుకి తీసుకెళ్లాను.

"జబ్బార్ గారూ, మళ్లీ లైటు వెలుగుతోందండీ. కాస్త చూస్తారా?"

ఆయన లేచి వచ్చిన తీరు చూడాలి. చొక్కా మడిచారు, రెండు టీలు చెప్పారు, స్టూలు మీది రేడియో తీసి నన్ను కూర్చోమన్నారు. రెండు నిమిషాల పనికి గంటన్నర పట్టింది. ప్రతి వైరూ తుడిచారు. అల్లుడి పనితనం గురించి చెప్పారు, పిల్ల పొద్దున్నే ఫోన్ చేసిందని చెప్పారు.

ఆఖర్న ఆ నట్టు బిగిస్తూ కొంచెం ఆగారు. దాని మీద నా స్పానరు గీతలు కొత్తగా మెరుస్తున్నాయి. నేను రోడ్డుకేసి చూశాను.

"ఈ మోడల్‌కి ఇవి లూజవుతూనే ఉంటాయండీ" అన్నారు. "వారానికోసారి చూపించుకుంటూ ఉండండి."

డిసెంబరు 1, ఆదివారం

ఉదయం 7.00. తీర్మానం మళ్లీ మొదలు. నా కారు పని ఇకనుంచి నేనే చేసుకుంటాను, ప్రతి వారం, స్వహస్తాలతో. ఈసారి ఆరంభశూరత్వం కాదని మా ఆవిడకి చెప్పాను. స్పానర్లు తనే తెచ్చిచ్చింది.

ఆల్టర్నేటరు వైరు మళ్లీ మళ్లీ అంటే బాగుండదు. ఈ వారం హారన్‌ది అనుకుంటున్నాను.